గంపగుత్త బేరంలో గణితం

నిజామాబాదు నుంచి బాసర వెళ్లే దారిలో మా నవీపేట్ ఉంది. వారానికొకసారి జరిగే ఇక్కడి మేకల అంగడి దూరప్రాంతాల వారికి కూడా తెలుసు. ఆ అంగడిలో గంపగుత్త బేరాలు కూడా ఉంటాయి. ఒక్కొక్క జీవానికి ఇంత అని కాకుండా, "ఈ గుంపు మొత్తానికి ఇంత" అని ఒకే మాట మీద బేరం తెగిపోతుంది.

ఒకనాడు పదో తరగతి పిల్లవాడొకడు చీటీ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాయిన జీవాలు కాస్తాడు. అంగడిలో ఒకే వ్యాపారికి మూడు గుంపులు అమ్మాడట. చీటీలో ఇలా ఉంది:

మొదటి గుంపు: 3 మేకలు, 2 గొర్రెలు – 38,000 రూపాయలు
రెండవ గుంపు: 2 మేకలు, 3 గొర్రెలు – 39,500 రూపాయలు
మూడవ గుంపు: 4 మేకలు, 5 గొర్రెలు – 67,000 రూపాయలు

"మూడు గుంపులకూ ఒకటే ధర కట్టిన అన్నడు సార్. మా నాయినకు మూడో గుంపు మీద అనుమానం. ఎట్ల తెలుసుకోవాలె?" అని అడిగాడు.

పిల్లలూ! మీరైతే ఏం చేస్తారు? మొదటి గుంపును మాత్రమే చూస్తే మేక ధర తెలియదు, గొర్రె ధరా తెలియదు. మేక 10,000, గొర్రె 4,000 అనుకున్నా మొత్తం 38,000 అవుతుంది. మేక 8,000, గొర్రె 7,000 అనుకున్నా అంతే అవుతుంది. తెలియని రాశులు రెండున్నప్పుడు ఒక్క సాక్ష్యం చాలదు. రెండవ సాక్ష్యం కావాలి.

మేక ధరను 'మ' అనీ, గొర్రె ధరను 'గ' అనీ అనుకుందాం.

3మ + 2గ = 38,000 ... (1)
2మ + 3గ = 39,500 ... (2)

రెండు తెలియని రాశులు ఒకేసారి మనల్ని తికమక పెడుతున్నాయి. కాబట్టి ముందు ఒకదాన్ని తప్పించాలి. ఎలా? మొదటి గుంపు వంటివి మూడు, రెండవ గుంపు వంటివి రెండు ఉన్నాయనుకోండి. అప్పుడు రెండు వైపులా గొర్రెలు ఆరేసి అవుతాయి.

9మ + 6గ = 1,14,000
4మ + 6గ = 79,000

సమానమైన వాటి నుంచి సమానమైన వాటిని తీసివేస్తే మిగిలినవి కూడా సమానమే కదా! పై వరుస నుంచి కింది వరుసను తీసివేయండి. ఆరు గొర్రెలకు ఆరు గొర్రెలు పోయాయి. మిగిలింది ఇది:

5మ = 35,000

అంటే మేక ధర 7,000 రూపాయలు. దీన్ని (1)లో ఉంచితే 2గ = 17,000. గొర్రె ధర 8,500 రూపాయలు. సరిచూడటం మరువకండి. (2)లో వేస్తే 14,000 + 25,500 = 39,500. సరిపోయింది! మీ పాఠ్యపుస్తకంలోని 'చరరాశిని తొలగించే పద్ధతి' ఇదే.

ఇక మూడవ గుంపు సంగతి చూద్దాం. 4 మేకలకు 28,000, 5 గొర్రెలకు 42,500. మొత్తం 70,500 కావాలి. ముట్టింది 67,000 మాత్రమే. 3,500 రూపాయలు తక్కువ!

మరుసటి అంగడికి తండ్రీ కొడుకులిద్దరూ ఆ కాగితం పట్టుకొని వెళ్లారు. వ్యాపారి లెక్కంతా చూసి, "అందులో రెండు గొర్రెలు చిన్నవి, అందుకే తగ్గించిన" అన్నాడట. "మంచిది. ఆ మాట బేరంకాడనే చెప్పాలె గద!" అన్నాడు తండ్రి. చివరకు మరో 2,000 రూపాయలు చేతికి వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మూడు గుంపులకూ ఒకటే ధర అన్న మాట నిజం కాదని మాత్రమే లెక్క చెప్పింది. ఎందుకు నిజం కాదో లెక్క చెప్పలేదు. అది మనుషులను అడిగి తెలుసుకోవలసిందే. కాని ఏమి అడగాలో తెలిసింది లెక్క వల్లనే.

రెండు సమీకరణాలుంటే చాలు, జవాబు వచ్చి తీరుతుందని కూడా అనుకోకండి. రెండవ గుంపు 6 మేకలు, 4 గొర్రెలు, 76,000 రూపాయలు అయి ఉంటే? (1)ని రెట్టింపు చేసి తీసివేస్తే 0 = 0 అని వస్తుంది. రెండవ సాక్షి మొదటి సాక్షి మాటనే తిరిగి చెప్పాడన్నమాట. కొత్త సంగతి ఏమీ లేదు. అదే గుంపు వెల 80,000 అయి ఉంటే 0 = 4,000 అని వస్తుంది. ఇది అసంభవం. అంటే ఆ రెండు సాక్ష్యాలూ కలిసి నిజం కాలేవు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం' రచించాడు. అందులో ఒక లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101. ఒక్కొక్క పండు వెల ఎంత? ఆయన చెప్పిన సూత్రం ప్రకారం 107ను 9తో, 101ని 7తో గుణించి తీసివేస్తే 256 వస్తుంది. 9, 7ల వర్గాల భేదం 32. భాగిస్తే మాదీఫలం వెల 8. దాన్ని బట్టి వెలగపండు వెల 5. జాగ్రత్తగా చూడండి, వెలగపండ్లను సమానం చేసి తొలగించడమే ఆ సూత్రంలోని కిటుకు! ఈ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో వచ్చిన మొట్టమొదటి గణితగ్రంథంగా దాన్ని చెప్పుకుంటారు.

చైనాలో ఇంకా ముందే, సుమారు రెండు వేల ఏళ్ల కిందట, 'తొమ్మిది అధ్యాయాలు' అనే గణితగ్రంథం వెలువడింది. దాని ఎనిమిదవ అధ్యాయంలో మూడు, నాలుగు తెలియని రాశులను కూడా ఒక్కొక్కటిగా తొలగించారు. లెక్కలు వేసింది పలక మీద పేర్చిన చిన్న పుల్లలతో! ఐరోపాలో గౌస్ అనే మహాగణితవేత్త పల్లాస్ అనే చిన్నగ్రహం కక్ష్యను లెక్కకట్టడానికి ఈ పద్ధతినే క్రమబద్ధం చేసి 1810లో ప్రకటించాడు. అక్కడ తెలియని రాశులు ఆరు. నేటి కంప్యూటర్లు వేలకొద్దీ తెలియని రాశులను కనుక్కోవడంలో కూడా ఈ తొలగింపే ఒక ముఖ్య సాధనం.

ఇప్పుడు మీ వంతు. చైనా గ్రంథంలోని ఆ అధ్యాయంలో మొదటి లెక్క ఇది. మేలురకం ధాన్యం 3 కట్టలు, నడిరకం 2, నాసిరకం 1 కలిపితే 39 కొలతలు. మేలురకం 2, నడిరకం 3, నాసిరకం 1 కలిపితే 34. మేలురకం 1, నడిరకం 2, నాసిరకం 3 కలిపితే 26. ఏ రకం కట్టకు ఎన్ని కొలతలు? ముందు నాసిరకాన్ని తొలగించి చూడండి. జవాబులో పావులూ ముప్పావులూ వస్తే భయపడకండి. మూడు వాక్యాలలోనూ ఉంచి సరిచూసుకోండి. మూడూ ఒప్పుకుంటే మీ జవాబు సరియైనదని మరొకరు చెప్పనక్కరలేదు!