వజ్రాలు ఒకటే.. రాతలే వేరు!

మన ఊళ్లో వజ్రాల గని బయటపడితే? ‘ఇక దశ తిరిగినట్టే’ అనుకుంటాం కదా! ఆఫ్రికాలో రెండు దేశాలకు ఆ అదృష్టం పట్టింది. ఒకటి బాగుపడింది. ఇంకోటి పదకొండేళ్లు అంతర్యుద్ధంలో కాలిపోయింది. ఎందుకలా?

ముందు సియెర్రా లియోన్ సంగతి. అక్కడ 1930లో వజ్రాలు దొరికాయి. ఐదేళ్లకే బ్రిటిష్ సర్కారు ఒకే ఒక్క కంపెనీకి 99 ఏళ్ల హక్కులు రాసిచ్చేసింది. 1961లో స్వాతంత్ర్యం వచ్చినా సీన్ మారలేదు. 1968లో పగ్గాలు పట్టిన సియాకా స్టీవెన్స్ గనుల్లో ప్రభుత్వానికి మెజారిటీ వాటా తెచ్చాడు. లాభం మాత్రం ఆయన చుట్టూ ఉన్నవాళ్లకే చేరింది. 1978 నుంచి ఒకే పార్టీ పాలన. ఇక అడిగేవాళ్లెవరు? 1970లో లెక్కల ప్రకారం ఎగుమతైన వజ్రాలు 20 లక్షల కారట్ల పైనే. 1988కి అది 48 వేలకు పడిపోయింది. చాలా సరుకు దొంగదారి పట్టింది, ఖజానా ఖాళీ అయింది. 1991లో తిరుగుబాటు మొదలైంది. వజ్రాలు అమ్మి తుపాకులు కొన్నారు. మామూలు జనం చేతులు నరికారు. 2002 దాకా అదే నరకం.

ఇప్పుడు బోట్స్‌వానా. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తమ్మీద తారురోడ్డు 12 కిలోమీటర్లు, డిగ్రీ చదివినవాళ్లు 22 మంది! మరుసటి ఏడాది ఒరాపాలో వజ్రాలు పడ్డాయి. అసలు ట్విస్ట్ ఇక్కడే. ఆ నేల అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగది. ఆయన ఆ తెగ రాజవంశంలో పుట్టినవాడే. ‘ఇది మాది’ అంటే కాదనేవాళ్లు లేరు. కానీ భూమి కింది ఖనిజం ఏ తెగదీ కాదు, దేశానిదని అదే ఏడాది చట్టం చేశారు. తెగలు కొట్టుకోవాల్సిన పనే లేకుండా పోయింది. తర్వాత డీ బీర్స్‌తో బేరమాడి, 15 శాతంగా ఉన్న ప్రభుత్వ వాటాను 1975లో 50 శాతానికి పెంచుకున్నారు. ఆ డబ్బు స్కూళ్లకీ రోడ్లకీ వెళ్లింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ ఒకటే, కోడ్ వేరు. ఇలాంటి తేడాల మీద పరిశోధించినందుకే డారన్ అసెమోగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్‌లకు 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

అలాగని బోట్స్‌వానా స్వర్గమేం కాదు. పేద, ధనిక తేడా చాలా ఎక్కువ. కలహారీలో తరతరాలుగా బతుకుతున్న సాన్ ప్రజల్ని సర్కారు ఖాళీ చేయించింది. వాళ్లు కోర్టుకెళ్లి 2006లో గెలిచారు. తీర్పు అమలులో ప్రభుత్వం మెలికలు పెట్టినా, సర్కారు మీద ఒక చిన్న సమూహం గెలవగలిగిన కోర్టు అక్కడుంది.

ఇప్పుడు ల్యాబ్ వజ్రాల దెబ్బకు ఆ దేశం ఆదాయం పడిపోయింది. కుర్రాళ్లకు ఉద్యోగాల్లేవు. 2024 ఎన్నికల్లో జనం 58 ఏళ్లు ఏలిన పార్టీని దించేశారు. అధ్యక్షుడు మసిసి ఓటమి ఒప్పుకుని తప్పుకున్నారు. డుమా బోకో వచ్చారు. అంతే, గొడవల్లేవు.

ఈసారి ఎక్కడో లిథియం దొరికిందనో, చమురు పడిందనో వార్త కనిపిస్తే ‘ఎన్ని టన్నులు?’ దగ్గరే ఆగిపోకండి. హక్కు ఎవరిది? లెక్క ఎవరు అడుగుతారు? నచ్చకపోతే దించగలమా? ఈ మూడూ అడిగి చూడండి. ఆ ఊరి భవిష్యత్తు చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.