రెండు జలాలు కలిసే చోటికి ఒక్కరోజు

దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో (60-82 ఆయతులు) ఒక ప్రయాణ వృత్తాంతం ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జ్ఞానార్జన కోసం ఒక యువకుణ్ణి వెంటబెట్టుకుని రెండు సముద్రాలు కలిసే చోటికి బయలుదేరారు. వారు తీసుకెళ్లిన చేప ఒక బండ వద్ద సముద్రంలోకి జారిపోయింది. ఆ సంగతి చెప్పడం యువకుడు మరచిపోయాడు. అలసట, ఆకలి కలిగాక గాని అది జ్ఞప్తికి రాలేదు. ఇద్దరూ తమ అడుగుజాడలను పట్టుకుని వెనుదిరిగారు. వెదకుతున్న జ్ఞాని అక్కడే లభించారు.

పెద్దలు పిన్నలతో కలిసి నడవడం, ఆకలిని ఓర్చుకోవడం, మరచిన సంగతిని దాచకుండా చెప్పడం కూడా విద్యలో భాగాలేనని ఈ వృత్తాంతం తెలుపుతోంది. మన పిల్లల సెలవుదినాలు నేడు ఫోను తెరకే అంకితమవుతున్నాయి. బయటికి పంపుదామంటే తల్లిదండ్రులకు నీటి భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే పిల్లలను గదిలో ఉంచడం దానికి పరిష్కారం కాదనీ, తెలిసిన పెద్దలతో పంపడమే మేలనీ మేము భావిస్తున్నాము.

కాలువ గట్టున

తెనాలి మండలంలోని కొలకలూరు కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామం. ఈ డెల్టాకు ప్రకాశం బ్యారేజీ వద్ద మళ్లిన కృష్ణ నీరే ప్రాణం. ఫజ్ర్ నమాజు ముగించుకుని, ఈత వచ్చిన పెద్దల సమక్షంలో, గట్టు పల్లంగా ఉన్నచోట విద్యార్థులు గాలాలు వేయవచ్చు. వెదురు కర్ర, దారం, బెండు, వానపాముల ఎర ఉంటే చాలు. బెండు మునిగేదాకా నోరు మెదపకుండా కూర్చోవడమే ఇక్కడి మొదటి పాఠం. కాలువలోకి దిగడం మాత్రం పూర్తిగా నిషిద్ధమని ముందే చెప్పాలి. పైకి నెమ్మదిగా కనిపించే నీటికి అడుగున వేగం ఉంటుంది.

జలచరాల వేట ధర్మసమ్మతమని మాయిదా సూరా (96వ ఆయతు) తెలుపుతోంది. కాని వేట వేరు, వినోదం కోసం ప్రాణిని హింసించడం వేరు. ప్రాణమున్న దానిని గురిపెట్టే లక్ష్యంగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించారు. కనుక తినగలిగినంతే పట్టాలి. చిన్న పిల్లలను తిరిగి నీటిలో వదలాలి. పీత పడితే ఏమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. హనఫీ విద్వాంసులు జలచరాలలో చేపను మాత్రమే అనుమతిస్తారు. ఇతర మజ్‌హబులలో వేరే అభిప్రాయాలున్నాయి. గట్టున కూర్చుని ఫిఖ్‌హ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

మడ అడవి అంచున

కొలకలూరు నుంచి రైలులో తెనాలి చేరి, అక్కడి నుంచి రేపల్లె శాఖా మార్గం పట్టవచ్చు. రేపల్లెకు దిగువన కృష్ణవేణి బంగాళాఖాతంలో కలుస్తుంది. మంచినీరు, ఉప్పునీరు కలిసే ఆ బురద నేలలో మడ అడవులు పెరిగాయి. ఈ ముఖద్వారం చుట్టూ 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టి బతికే బావురుపిల్లికి ఇది నివాసం. అభయారణ్యంలో గాలానికి చోటు లేదు. అటవీశాఖ అనుమతి తీసుకుని, స్థానిక మత్స్యకారుల తోడుతో, ఆటుపోట్ల వేళలు తెలుసుకుని నడవాలి.

బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చిన వేళ్లతో మడచెట్లు గాలి పీలుస్తాయి. మడ ఆకును తాకితే ఉప్పు తగులుతుంది. పీల్చుకున్న ఉప్పును అది ఆకుల మీదుగా వెలికి పంపుతుంది. తిల్ల చెట్టును మాత్రం తాకనీయరాదు. దాని పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం. సృష్టిలోని నిదర్శనాలను పరికించమని ఖుర్ఆన్ పదేపదే ఆదేశించింది ఇటువంటి వాటి కోసమే కదా!

జుహర్ వేళకు శుభ్రమైన గట్టునేల చాలు. భూమి అంతా ఈ ఉమ్మత్‌కు మస్జిదుగా చేయబడిందని హదీసు. హనఫీ విద్వాంసులు లెక్కించే ప్రయాణ దూరం కంటే ఇది తక్కువ కాబట్టి నాలుగు రకాతులూ పూర్తిగా చేయాలి.

హద్దు అనే పరీక్ష

1977 నవంబరు 19న ఏటి ఆవలి దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. మడ అడవి అలల ఉధృతిని తగ్గించే గోడ. దానిని నరికితే నష్టపోయేది మనమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. శనివారపు హద్దును మీరిన సముద్రతీర వాసుల గాథ ఆరాఫ్ సూరాలో (163వ ఆయతు) ఉంది. నిషేధదినాననే చేపలు గుంపులుగా కనిపించి వారిని పరీక్షించాయి. చేతికి అందే దానిని వదులుకోవడమే ఆ పరీక్ష. పరీక్షహాలులోనూ, వ్యాపారంలోనూ మన పిల్లలకు రేపు ఎదురయ్యేది ఇదే.

కనుక మస్జిదు కమిటీలు, విద్యార్థి సంఘాలు ఏడాదికి ఒక్కసారైనా ఇటువంటి రోజును ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. తల్లుల తోడుతో బాలికలకూ ఒక రోజు కేటాయించాలి. తెచ్చిన చెత్తను తిరిగి మోసుకురావాలి. పట్టిన చేపలలో పొరుగింటికి ఒక వంతు వెళ్లాలి.

భూమి, నీరు మన చేతిలోని అమానతు అని గ్రహించే తరాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.