మూగబోయిన రేడియోలు

వాడుక తప్పిన వస్తువును వ్యర్థమని తలచుట లోకరీతి. కాని మన ఇండ్ల అటకలమీద దుమ్ము కప్పుకొని ఉన్న ట్రాన్సిస్టరు రేడియోలు చాలవరకు చచ్చినవి కావు, మూగబోయినవి మాత్రమే.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమునందు బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును పనిచేయించి చూపిరి. 1956లో షాక్లీతో కలిసి నోబెల్ బహుమతిని అందుకొనిరి. అంతకుముందు రేడియో పలుకవలెనన్న లోపలి వాల్వులు వేడెక్కువరకు వేచి ఉండవలసినదే. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట, కరెంటు లేని పల్లెలో సైతము నాలుగు సెల్లులతో వార్తలు వినిపించినవి. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిన తరువాతి దశాబ్దములలో, మన ప్రాంతపు ఇండ్లలో బల్లమీది రేడియో కుటుంబ సభ్యుని వలె మెలగినది.

దాని లోపల ఎంత చక్కని గణితమున్నదో చూడుడు. హైదరాబాదు కేంద్రమును శ్రోతలు మధ్యతరంగములలో 738 కిలోహెర్ట్జుల వద్ద పట్టెడివారు. ముల్లును అచటికి త్రిప్పగానే లోపలి ఆసిలేటరు 1193 కిలోహెర్ట్జుల తరంగమును పుట్టించును. రెండింటి భేదము 455. ఏ కేంద్రమునకు త్రిప్పినను ఈ భేదము మారదు. కనుకనే ఆ ఒక్క సంఖ్యకు సరిపెట్టిన కాయిళ్ళు అన్ని కేంద్రములకు చాలును. ఒక తీసివేత లెక్కపై ఇంత యంత్రము నడచుచున్నదని తెలిసిన బాలుడు భౌతికశాస్త్రమునకు వెరవడు.

రోగములును సామాన్యమైనవే. సెల్లులు కారి స్ప్రింగులు త్రుప్పుపట్టును. ముల్లును లాగు దారము తెగును. వాల్యూము బిరడాలో దుమ్ము చేరి గరగరమనును. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలోని తడి ఆరి ధ్వని క్షీణించును. మరమ్మతునకు మల్టీమీటరు, సాల్డరింగ్ ఐరన్, ఓర్పు కావలెను. కాయిళ్ళ స్క్రూలను తోచినట్లు త్రిప్పరాదు. కుదిరిన అమరిక చెడును. కరెంటుపై నడచు రేడియోలో 230 వోల్టులు ప్రవేశించును. కనుక ప్లగ్గు తీయక మూత విప్పరాదు. విద్యార్థులు పెద్దల సమక్షముననే ఈ పనికి పూనుకొనవలెను.

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దారిలోనున్న ఇస్నాపూరు వంటి చోట పిల్లలు యంత్రముల నడుమనే పెరుగుచున్నారు. అయినను వారి చేతిలోని ఫోను మూత విప్పుటకు వీలులేని పెట్టె. చెడినదానిని పారవేయుటే వారికి తెలిసిన మార్గము. అదే రహదారిన నగరమువైపు పోయినచో ఎర్రగడ్డ ఆదివారపు సంతలో పాతసామాను, కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగములు దొరకును. సామగ్రికి కొదువ లేదు. కొదువ, దానిని బాగుచేయ నేర్పు చేతులకే.

ఆ విద్య తెలిసిన మెకానిక్కులు వృద్ధులగుచున్నారు. మధ్యతరంగ ప్రసారములును దేశమున తగ్గుచున్నవి. ఎల్.ఇ.డి. దీపములు, చార్జర్లు పుట్టించు రొద వాటిని మరింత మరుగుపరచుచున్నది. పలుకు కేంద్రములు ఉండగనే, నేర్పు గురువులు ఉండగనే, ప్రతి పాఠశాలయు ఒక పాత రేడియోను సంపాదించి, ఊరి మెకానిక్కును ఒక పూట తరగతికి ఆహ్వానించిన మేలు. ఆయన చెప్పు పాఠము ఏ పుస్తకమునందును సంపూర్ణముగా దొరకదు.