ముఖం కందిపోతోందా? ట్యూబు కొనే ముందు చదవండి

ఎండలో తిరిగి వచ్చినా, పొయ్యి దగ్గర కూర్చున్నా, వేడి టీ తాగినా కొందరికి బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం కందిపోయి మండుతాయి. మొదట్లో కాసేపటికి తగ్గిపోతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ ఎరుపు నిలిచిపోతుంది. సన్నని రక్తనాళాలు గీతల్లా కనబడతాయి, మొటిమల వంటి పొక్కులు లేస్తాయి. ఈ జబ్బును రోసేషియా అంటారు. ఎక్కువగా 30 ఏళ్ళు దాటినవారికి వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ముక్కు ఎర్రబడితే తాగుడు అలవాటుందని అనుకోవడం పొరపాటు. మద్యం ముట్టనివారికీ ఇది వస్తుంది.

మన చామనఛాయ చర్మం మీద ఎరుపు అంత తేలికగా తెలియదు. ముఖం నల్లబడిందని మాత్రమే అనుకుంటాము. అందువల్ల మంట, సెగ, ఏది రాసినా చురుక్కుమనడం వంటి లక్షణాలను గమనించాలి.

ఏవి రెచ్చగొడతాయి?

ఈ జబ్బు ఉన్నవారి ముఖంలోని రక్తనాళాలు వేడికి త్వరగా ఉబ్బుతాయి. రెంటచింతల, మాచర్ల ఎండలు మనకు తెలిసినవే. ఎండతో పాటు కట్టెల పొయ్యి సెగ, మిరప కల్లంలో ఘాటు, బాగా కారంగా ఉన్న కూరలు, మద్యం, కోపం, ఆందోళన కూడా దీనిని రెచ్చగొట్టవచ్చు. అందరికీ అన్నీ పడకపోవు. మీకు ఏది పడడం లేదో రెండు వారాలు కాగితం మీద రాసుకోండి.

అసలు ప్రమాదం ట్యూబులో ఉంది

ముఖం తెల్లబడాలనో, మొటిమలు పోవాలనో చాలామంది మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే వారం రోజుల్లో ముఖం నిగనిగలాడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది, ముఖం కందుతుంది, పొక్కులు వస్తాయి, ఆడవారికి కూడా ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మంట రెట్టింపవుతుంది. ఆ బాధ భరించలేక మళ్ళీ అదే రాస్తారు. ఇదొక ఉచ్చు.

2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మన దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలకు ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూతమందు వాడుతున్నట్లు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది.

మీ ఇంట్లో ఉన్న ట్యూబును చదువుకుంటున్న పిల్లల చేత చదివించండి. దాని మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా డాక్టరు చెప్పకుండా ముఖానికి రాయకండి. ఇప్పటికే చాలాకాలంగా రాస్తుంటే ఆ ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరకు రండి. మానిన తర్వాత కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మంట ఎక్కువగా ఉండవచ్చు. దానికి వేరే మందులు ఉన్నాయి. ఓపిక పట్టాలి.

రోజూ పాటించవలసినవి

• చల్లని లేక గోరువెచ్చని నీటితో, ఘాటులేని సబ్బుతో రోజుకు రెండుసార్లు కడగండి. రుద్దకుండా మెత్తని బట్టతో అద్దండి.
• నిమ్మరసం, పటిక, సున్నిపిండి, బ్లీచింగ్, ఆవిరి పట్టడం మానండి.
• సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి.
• పొలానికి వెళ్ళేటప్పుడు గొడుగు, తలగుడ్డ వాడండి. వీలైతే ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న సన్‌స్క్రీన్ రాయండి.
• కొత్త క్రీము ఏదైనా ముందు చెవి వెనుక కొద్దిగా రాసి కొన్ని రోజులు చూడండి.

చికిత్స

రోసేషియాను పూర్తిగా పోగొట్టలేకపోయినా అదుపులో ఉంచవచ్చు. మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆసిడ్, ఐవర్‌మెక్టిన్ పూతమందులు, అవసరమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు డాక్టరు ఇస్తారు. గుణం కనబడడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పట్టవచ్చు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కళ్ళలో ఇసుక పడ్డట్లు గరగరలాడడం, ఎర్రబడడం, చూపు మసకబారడం. ముఖం ఎరుపుతో పాటు కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిపూత. స్పర్శ తెలియని మచ్చలు, చెవి తమ్మెలు దళసరి కావడం. వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించుకోండి. ఇవి కంటి రోసేషియా, లూపస్, కుష్ఠు వంటి జబ్బులు కావచ్చు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

పక్కింటివారికి పనిచేసిన ట్యూబు మీ ముఖానికి పనికివస్తుందని అనుకోకండి. ముందు జబ్బేదో తెలుసుకోండి, తర్వాతే మందు వాడండి.