ఈ లోహం రాయి ఇచ్చిందా, ఫ్యాక్టరీ ఇచ్చిందా?

ల్యాబ్ రిపోర్టులో ఒక అంకె ఉంది: కిలో మట్టిలో 110 మిల్లీగ్రాముల క్రోమియం. ఈ నేల పాడైందా, లేదా? 'ఎక్కడి మట్టి ఇది?' అని అడగకుండానే తీర్పు చెప్పేవాళ్లను నమ్మకండి.

జహీరాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చాలాచోట్ల నల్లరేగడి దక్కన్ బసాల్టు నుంచి పుట్టింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలకు తల్లి గ్రానైటు. ఈ ఇద్దరు తల్లులూ పిల్లలకిచ్చిన ఆస్తిలో పోలికే లేదు. 1961లో టురేకియన్, వెడెపోల్ అనే భూరసాయన శాస్త్రవేత్తలు వేసిన సగటు లెక్కల్లో కిలో బసాల్టుకు క్రోమియం 170 మిల్లీగ్రాములు, నికెల్ 130, రాగి 87. కాల్షియం తక్కువున్న గ్రానైటులో క్రోమియం, నికెల్ నాలుగైదే, రాగి 10. సీసం దగ్గర లెక్క తిరగబడుతుంది: గ్రానైటులో 19, బసాల్టులో 6.

అంటే ఆ 110 జహీరాబాద్ రేగడిలో కనిపిస్తే కంగారు అక్కర్లేదు. గ్రానైటు మీద కూర్చున్న పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కనిపిస్తే మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయాల్సిందే. అక్కడా ఓ మెలిక ఉంది. హైదరాబాద్ గ్రానైటును చీల్చుకుని డోలరైట్ అనే నల్లరాతి గోడలు చాలాచోట్ల పోతుంటాయి. వాటి పక్క చేనులో క్రోమియం సహజంగానే పెరగొచ్చు. 'మా తప్పేం లేదు, అంతా ప్రకృతి' అని తప్పుకోవాలనుకునే యజమానికి ఇది మంచి సాకు!

ఆ సాకు నిలుస్తుందో లేదో తేల్చేది లోతు. రాయి ఇచ్చిన లోహం కింది పొరల్లోనూ ఉంటుంది. గాలిలో వచ్చి రాలినది పైనే పేరుకుంటుంది. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది. రోడ్ల పక్కన రాలిన సీసం మాత్రం మట్టిని అంత తేలిగ్గా వదలదు. క్రోమియం రూపం కూడా చూడాలి. రాతి నుంచి వచ్చేది ఎక్కువగా మూడు వేలెన్సీది. పరిశ్రమల వ్యర్థాల్లో భయపడాల్సింది ఆరు వేలెన్సీది.

ఇలా లోతువారీగానే 2007–2010 మధ్య అమెరికా భూగర్భ సర్వే 4,857 చోట్ల మట్టి తీసింది. పై 5 సెంటీమీటర్లు విడిగా, లోపలి పొరలు విడిగా. అక్కడి నేలల్లో ఆర్సెనిక్ సాధారణంగా కిలోకు 5 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. అదే దేశపు పర్యావరణ సంస్థ ఇళ్ల స్థలాలకు పెట్టుకున్న పరిశీలన గీత 0.68! గీత దాటిన మట్టినల్లా తవ్వి పారేయాలంటే దేశమే మిగలదు. మరింత లోతుగా చూడమని చెప్పే గీత అది, శుభ్రం చేయడానికి కొలబద్ద కాదు.

మన జియలాజికల్ సర్వే భూరసాయన పటాలు గీస్తోంది గానీ, వాటికి ప్రధాన ఆధారం వాగుల ఒండ్రు. చేను మట్టికి అవి దారి చూపగలవు, సాక్ష్యం చెప్పలేవు. ఏ రాతి నేలకు ఆ రాతి సహజ స్థాయి జిల్లాలవారీగా తేలితేనే కాలుష్యం కేసుల్లో అంకెలకు విలువ.

ఈలోగా మీ ఊరి మట్టిని ఎవరైనా పరీక్షిస్తే మూడు అడగండి. అదే గుంటలో మీటరు లోతు నమూనా తీశారా? అదే రాతి మీద, ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న చేను నుంచి తీశారా? కొలిచింది మొత్తం లోహమా, పైరుకు అందేదా? వరి రైతు జింకు సల్ఫేటు కొనేది ఆ రెండోది చాలకే. ఈ మూడూ లేని రిపోర్టు మీద సంతకం పెట్టకండి.