ఆట నడుమ ఆగిపోవు కంప్యూటరు

తెనాలిలో వేసవి మధ్యాహ్నము కుర్రవాడు కంప్యూటరుపై ఆట ఆడుచుండగా తెర నల్లబడును. గ్రాఫిక్స్ కార్డు పాడైనదని ఇంటివారు తలంతురు. క్రొత్తది కొనుటకు వేలకొలది రూపాయలు కావలెను. కాని తప్పు కార్డుదేయని తేల్చుటకు ముందు కొన్ని పరీక్షలు చేయవలెను.

మొదటిది వేడిమి. ఆటలోని దృశ్యములను ఎడతెగక చిత్రించుటలో కార్డు మిక్కిలి వేడెక్కును. దానిని చల్లార్చు పంకాలు గదిలోని గాలినే పీల్చుకొనును. ఆ గాలియే నలువది డిగ్రీలున్నచో చల్లదనమెక్కడిది? హద్దు మీరినప్పుడు కార్డు ముందు వేగము తగ్గించుకొనును, పిదప ఆగిపోవును. సముద్రము చేరువనున్న బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తేమతో కూడిన దుమ్ము పంకా రెక్కలను అంటిపెట్టుకొనును. విద్యుత్తు ఆపి, మెత్తని కుంచెతో దానిని తొలగింపవలెను. పెట్టెను గోడకు ఆనించి ఉంచరాదు.

రెండవది విద్యుత్తు. కార్డునకు స్లాటు ద్వారా 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ ద్వారా 150 వాట్ల వరకు అందును. పవర్ సప్లై చాలనిచో ఆట ఉద్ధృతమైన వేళ కంప్యూటరే ఆగి, మరల మొదలగును.

మూడవది డ్రైవరు. కార్డు రెండు సెకండ్లలో బదులీయనిచో విండోస్ డ్రైవరును తిరిగి ప్రారంభించును; అప్పుడు తెర మాత్రమే పోయి వచ్చును. అట్లు జరిగినచో పాత డ్రైవరును పూర్తిగా తీసివేసి, తయారీదారులిచ్చినదానిని పెట్టి చూడవలెను.

కడపటిది, కార్డును మిత్రుని కంప్యూటరులో అమర్చుట. అక్కడను ఆగినచో దోషము కార్డుదే.

ఒకమారు ఒక్క మార్పే చేయవలెను. రెండు మందులు కలిపి ఇచ్చిన వైద్యుడు, రోగము ఏ మందుతో కుదిరినదో చెప్పలేడు గదా!