బేతాళుని ప్రశ్న

ఏ పనినైనను పట్టినపట్టు విడువక చేయువానిని చూచి పెద్దలు "పట్టువదలని విక్రమార్కుడు" అని మెచ్చుకొనుట మన విద్యార్థులందఱు విన్నదే. రాజు పేరు ఇట్లు సామెతగా నిలిచినది. కాని ఆ కథలను బాల్యమున చదివినవారిని అడిగి చూడుడు. వారి కన్నులయెదుట మొదట నిలుచునది రాజు కాదు, రాజు భుజముమీద వ్రేలాడుచు కథ చెప్పు బేతాళుడు. ఇంత భయంకరమైన పాత్ర పిల్లలకు అంత ప్రియమైనది ఎట్లయ్యెనో, వారు పెద్దవారైన పిమ్మటను వారిని ఏల విడువదో ఇచ్చట కొంత విచారింప నెంచితిమి.

బేతాళకథలు మిగుల ప్రాచీనములు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో ఇవి ఇరువదియైదు కలవు. అందు రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని నగరము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. అదియే నేటి పైఠాను. 1956వ సంవత్సరమువరకు పైఠానును, మన మహబూబునగరము నల్లగొండ జిల్లాలును ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండెను గనుక, ఈ రాజును మన పొరుగువాడే యని చెప్పుకొనవచ్చును. ఒక భిక్షువు ఆ రాజునకు ప్రతిదినము ఒక పండు తెచ్చి యిచ్చుచుండెను. ఒకనాడు కోతి యొకటి ఆ పండును కొఱుకగా లోపలినుండి రత్నము రాలెను. రాజు విస్మయపడి, నీకేమి కావలెనని అడిగెను. రాత్రివేళ శ్మశానమునకు వచ్చి, చెట్టున వ్రేలాడు శవమును మోసి తెచ్చి యియ్యవలెనని భిక్షువు కోరెను. ఆ శవమును బేతాళుడు ఆవేశించి యున్నాడు. దారిలో రాజు నోరు విప్పెనా, శవము మరల చెట్టెక్కును. బేతాళుడా, ఊరకుండువాడు కాడు. దారి శ్రమ తెలియకుండ ఒక కథ చెప్పి, చివర చిక్కుప్రశ్న వేసి, జవాబు తెలిసియు చెప్పకున్న నీ తల పగులునని బెదరించును.

ఈ రెండు కట్టడుల నడుమనే కథయొక్క ప్రాణమున్నది. పని నెఱవేఱవలెనన్న రాజు మౌనముగా నుండవలెను. తెలిసినవాడు గనుక మౌనముగా నుండరాదు. అతడు ప్రతిసారి నోరు తెఱచును, ప్రతిసారి శవమును పోగొట్టుకొనును, మరల చెట్టుకడకు నడచును. సరియైన జవాబు చెప్పినందుకే మొదటికి రావలసిన వీరుడు మఱియే కథలోను మాకు కానరాలేదు. ఉపాధ్యాయులమగు మాకు ఇందులో వేఱొక ముచ్చట కలదు. తరగతిలో ప్రశ్న వేసినప్పుడు జవాబు తెలియని పిల్లలు కొందఱే. తెలిసియు, ప్రక్కవాడు నవ్వునేమో యని తల వంచుకొనువారు ఎక్కువ. అట్టి వేళ "తల జాగ్రత్త!" అందుము. వెనుక బల్లనుండి ఒక చేయి మెల్లగా లేచును.

కడపటి కథ వేఱు విధమైనది. తండ్రి కూతురును, కుమారుడు ఆమె తల్లిని పెండ్లాడిరి. వారి బిడ్డలు ఒండొరులకు ఏమగుదురని బేతాళుడు అడిగెను. రాజునకు నిజముగనే తెలియలేదు. ఏదో యొకటి కల్పించి చెప్పక, మాటాడకుండ నడచిపోయెను. అప్పుడు బేతాళుడు సంతోషించి, ఆ భిక్షువు నిన్ను బలి యియ్య దలచినాడన్న రహస్యమును చెప్పి రాజు ప్రాణము కాపాడెను.

మన తెలుగు పిల్లలకు బేతాళుని చేరవేసినది ముఖ్యముగా చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసున దానిని స్థాపించిరి. అప్పటికి మన జిల్లాలు నిజాము ఏలుబడిలో నుండెను. సర్కారు ఉన్నతపాఠశాలలలో బోధనాభాష ఉర్దూ. 1948 సెప్టెంబరు తరువాత తెలుగుచదువు వ్యాపించినకొలది, బడిపుస్తకము దాటి చదువ గోరిన బాలురకు ఈ మాసపత్రిక చేతి కందినది. 1952 మొదలు 1980లో పరమపదించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు అందులోని కథల భాషను తీర్చిదిద్దిరి. కత్తి చేతబూని శవమును భుజాన వేసికొని నడచు రాజు బొమ్మ చిత్రకారుడు శంకరుగారిది. 2020లో గతించిన వారికి మరుసటి యేట పద్మశ్రీ లభించెను. సోమదేవుని ఇరువదియైదింటితో తృప్తి నొందక, చందమామవారు అదే మూసలో వందలకొలది క్రొత్తకథలు వ్రాయించిరి. పాపము, ఆ రాజు దశాబ్దములతరబడి నడచుచునే యుండెను! 1985లో దూరదర్శనమున హిందీలో వచ్చినప్పుడును పిల్లలు వదలక చూచిరి. 2013 నాటికి చందమామ వెలువడుట నిలిచిపోయినది.

బేతాళుడు పిశాచము గదా, మిషను పాఠశాలలో ఈ కథ యేల యని తల్లిదండ్రులు కొందఱు మమ్ము అడిగిరి. అడుగదగిన మాటయే. మేము ఆ పిశాచమును నమ్ముమని బోధింపము. అది వేయు ప్రశ్నను మాత్రము వినుమందుము. ధర్మశాస్త్రోపదేశకుడు నా పొరుగువాడెవడని అడిగినప్పుడు, మన ప్రభువు మంచి సమరయుని కథ చెప్పి, ఆ ముగ్గురిలో పొరుగువాడెవడని తిరిగి అతనినే అడిగెను గదా. కథ చెప్పి తీర్పును వినువానికే విడిచిపెట్టు ఈ పద్ధతిని మించిన బోధనోపాయము శిక్షణకళాశాలలోను మాకు దొరకలేదు.

ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతిలో మందారవతి కథ చెప్పితిమి. ఆమెను ముగ్గురు వరించిరి, ఆమె మరణించెను. ఒకడు శ్మశానమున ఆమె బూడిదపైనే శయనించెను. ఒకడు అస్థులను గంగకు కొనిపోయెను. మూడవవాడు దేశములు తిరిగి బ్రదికించు మంత్రమును తెచ్చెను. ఆమె బ్రదికినది, భర్త యెవడు? ప్రాణమిచ్చినవాడు తండ్రివంటివాడు, అస్థులను గంగలో కలిపినవాడు కుమారునివంటివాడు, బూడిదను విడువక యున్నవాడే భర్త యని రాజు తీర్పు.

తరగతిలో అనేకులు ఒప్పుకొనిరి. వసతిగృహమున నుండు ఒక బాలుడు ఒప్పుకొనలేదు. వాని తల్లిదండ్రులు పాలమూరు కూలీలు. ఏటేట పనికై బొంబాయివైపు పోవుదురు. "దూరము పోయినవానికి ప్రేమ లేదనియా, సార్? వాడు పోకున్న ఆమె లేచునా?" అని వాడు నిలబడి అడిగెను. అవ్వకడ పెరుగుచున్న వేఱొక బాలుడు, "కడనున్నవాడే మనవాడు" అని ఎదురు పలికెను. వాదము గంట మ్రోగువరకు సాగెను. రాజు తీర్పును సగము తరగతి త్రోసివేసెను. మేము అడ్డుపడలేదు.

పిల్లలు బయటికి పోవుచుండగా ముందుబల్ల బాలిక యొకతె ఆగి, "ఆమెను ఎవరైన అడిగినారా, సార్?" అనెను. పుస్తకమును తెఱచి మరల చూచితిమి. మందారవతి లేచి నిలిచినట్లున్నది, ముగ్గురు కలహించినట్లున్నది. ఆమె పలికిన మాట ఒక్కటియు లేదు.